కణభౌతికం నుండి జన్యులిపికి

(కళాశాల విజ్ఞానశాస్త్ర విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన దేశంలో పదవ తరగతి దాటగానే ఒక గోడ లేస్తుంది. గణితం తీసుకున్నవారు ఇటు, జీవశాస్త్రం తీసుకున్నవారు అటు. ఎం.పి.సి. విద్యార్థికి కప్పను కోయవలసిన అవసరం లేదనీ, బై.పి.సి. విద్యార్థికి సమాకలనం రాకపోయినా నష్టం లేదనీ పెద్దలే నిశ్చయించి పెట్టారు. పదిహేనేళ్ల వయస్సులో జరిగిన ఈ పంపకం జీవితాంతం చెల్లుతుందని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ గోడ దాటిన ఒక భౌతికశాస్త్రవేత్తను గురించి ఈనాడు ముచ్చటిస్తాను. దాటవచ్చునని చెప్పడం సులభం. దాటినవాడు వెంట ఏమి తీసుకుపోయాడు, ద్వారం దగ్గర ఏమి విడిచిపెట్టవలసి వచ్చింది అన్నది మనం విచారించవలసిన విషయం.

ఆయన పేరు వాల్టర్ గిల్బర్ట్. 1932లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జన్మించారు. హార్వర్డ్‌లో చదివి, ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్లి, 1957లో డాక్టరేటు పొందారు. మూలకణాలు ఒకదానినొకటి ఢీకొని చెదరిపోయే తీరును సమీకరణాలతో లెక్కించడం ఆయన పరిశోధనాంశం. ఆయనకు మార్గదర్శకత్వం వహించినవారు మన ఉపఖండంవారే. అవిభక్త పంజాబులోని ఝంగ్ పట్టణంలో పెరిగి, లాహోరులో చదువుకొన్న అబ్దుస్ సలాం. గురువుగారికి 1979లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ మరుసటి సంవత్సరమే శిష్యునికీ లభించింది, కాని రసాయనశాస్త్రంలో. డి.ఎన్.ఎ.లోని అక్షరాల వరుసను చదివే పద్ధతిని కనిపెట్టినందుకు!

గిల్బర్ట్ కంటె ముందు కూడ భౌతికశాస్త్రవేత్తలు జీవశాస్త్రం వైపు చూచారు. వారిలో జార్జి గేమో కథ చెప్పకుండా ముందుకు పోలేను. జీవకణంలోని ప్రోటీన్లు ఇరవై రకాల ఎమైనో ఆమ్లాలతో తయారవుతాయి. డి.ఎన్.ఎ.లో ఉన్న అక్షరాలు నాలుగే. నాలుగు అక్షరాలతో ఇరవై మాటలు ఎట్లా వ్రాస్తారు? 1954లో గేమో ఈ ప్రశ్నను లెక్కగా మార్చి, రెండు పేటల డి.ఎన్.ఎ.లో ఏర్పడే వజ్రాకారపు సందులను ఎంచి, సరిగ్గా ఇరవై తేల్చారు. ఎంతో అందమైన ఊహ. కాని అది నిలవలేదు.

1957లో ఫ్రాన్సిస్ క్రిక్, మరి ఇద్దరు సహచరులు ఇంకా అందమైన లెక్క చేశారు. క్రిక్ కూడ మొదట భౌతికశాస్త్రం చదివినవారే. మూడేసి అక్షరాలకు ఒక మాట అనుకొంటే మొత్తం 64 మాటలు వస్తాయి. వీటి మధ్య విరామ చిహ్నాలు లేవు కనుక, తప్పుచోట మొదలుపెట్టి చదివితే అర్థం రాకుండా ఉండాలని వారు నియమం పెట్టుకొన్నారు. అప్పుడు ఒకే అక్షరం మూడుసార్లు వచ్చే మాటలు నాలుగూ పనికిరావు. మిగిలినవి 60. వీటిని చక్రంవలె త్రిప్పితే మూడేసి చొప్పున గుంపులవుతాయి. ప్రతి గుంపులోను ఒక్కదానికే అర్థం ఉండగలదు. అరవైని మూడుతో భాగిస్తే ఇరవై! ఇంత చక్కని లెక్క ప్రకృతిది కాకుండా ఎట్లా ఉంటుందని చాలామందికి అనిపించింది.

1961లో మార్షల్ నైరెన్‌బర్గ్, హైన్రిఖ్ మత్తాయి అనే ఇద్దరు పరిశోధకులు ఒకే అక్షరం వరుసగా ఉన్న ఆర్.ఎన్.ఎ.ను పరీక్షనాళికలో వేసి చూచారు. ఫినైల్ అలనైన్ అనే ఒకే ఎమైనో ఆమ్లపు గొలుసు తయారయింది. క్రిక్ లెక్క ప్రకారం అసలు అర్థమే ఉండరాని మాట అది. ప్రకృతి ఆ మాటతోనే మొదటి పాఠం చెప్పింది. తరువాత మిగిలిన మాటల అర్థాలు విప్పిన వారిలో ముఖ్యుడు హరగోవింద ఖొరానా. వరుస ముందుగా తెలిసిన ఆర్.ఎన్.ఎ. గొలుసులను ప్రయోగశాలలో ఓపికగా నిర్మించి, ఒక్కొక్క మాటనే పరీక్షించారు. ఆయనకు 1968లో నోబెల్ బహుమతి లభించింది. చివరకు తేలినదేమంటే, ఒక్కొక్క ఎమైనో ఆమ్లానికి కొన్నిచోట్ల ఒకటి, కొన్నిచోట్ల నాలుగు, ఆరు మాటలు కూడ ఉన్నాయి. పొందిక లేదు, పొదుపు లేదు. కోట్ల సంవత్సరాల పరిణామం ఎక్కడ ఏది దొరికితే దానితో ఇల్లు కట్టుకొన్నది.

గిల్బర్ట్ ఈ రంగంలో అడుగుపెట్టినది సరిగ్గా ఆ కాలంలోనే. కేంబ్రిడ్జిలో పరిచయమైన జేమ్స్ వాట్సన్ అప్పటికి హార్వర్డ్‌లో జీవశాస్త్రం బోధిస్తున్నారు. గిల్బర్ట్ అక్కడే భౌతికశాస్త్రంలో అధ్యాపకులు. 1960 వేసవిలో వాట్సన్ బృందం జన్యువుల సమాచారాన్ని మోసుకొనిపోయే వార్తాహర ఆర్.ఎన్.ఎ. కోసం వెదకుతున్నది. గిల్బర్ట్ ఆ ప్రయోగంలో చేరారు. సిద్ధాంతకర్తగా సలహాలు చెప్పడానికి పోలేదు, గాజు గొట్టాలు చేతపట్టి పని నేర్చుకోవడానికి పోయారు. తరగతిలో ఆచార్యుడు, ప్రయోగశాలలో అభ్యాసకుడు! మన విశ్వవిద్యాలయాలలో ముప్పయి ఏండ్ల అధ్యాపకుడు ప్రక్క విభాగానికి పోయి, పీ.హెచ్‌డీ. విద్యార్థుల సరసన నిలబడి పని నేర్చుకొంటానంటే ఎంతమంది నవ్వుతారో మీకు తెలియనిది కాదు.

1964లో ఆయన జీవభౌతికశాస్త్రానికీ, 1968లో జీవరసాయనశాస్త్రానికీ ఆచార్య పదవులలోకి మారారు. 1966లో బెన్నో ముల్లర్ హిల్‌తో కలసి, ఒక జన్యువును పనిచేయకుండా ఆపివేసే ప్రోటీనును ఈ.కోలై బాక్టీరియా నుండి వేరు చేశారు. ఒక్కొక్క కణంలో అది సుమారు పది అణువులు మాత్రమే ఉంటుంది. ఆ ప్రోటీను డి.ఎన్.ఎ.పై కూర్చునే చోట ఏ అక్షరాలున్నాయో తెలుసుకోవాలనుకొన్నారు. ఉన్నవి 24 అక్షరాలు. అవి చదవడానికి ఆయనకు, ఆయన సహచరుడు అలన్ మాక్సమ్‌కు రెండు సంవత్సరాలు పట్టింది. నెలకు ఒక్క అక్షరం!

ఆ విసుగులోనుండే పద్ధతి పుట్టింది. డి.ఎన్.ఎ. ముక్క ఒక కొసకు రేడియోధార్మిక గుర్తు పెడతారు. ఒక్కొక్క రకం అక్షరం దగ్గరనే తెగే విధంగా రసాయనాలు వాడతారు. ఆ తునకలను జిగురు పలకపై విద్యుత్తుతో పరుగెత్తిస్తే పొట్టివి ముందు, పొడవైనవి వెనుక నిలుస్తాయి. ఆ మెట్లను వరుసగా చదువుకొంటూ పోతే అక్షరమాల తెలుస్తుంది. 1977లో ఇది ప్రకటితమయింది. అదే సంవత్సరం ఫ్రెడరిక్ సాంగర్ మరొక పద్ధతిని ప్రకటించారు. తరువాతి కాలంలో సాంగర్ పద్ధతియే ఎక్కువగా నిలిచినదని కూడ చెప్పాలి.

అక్షరాలు చదవడం సులభం కాగానే మరొక చిక్కు వచ్చింది. చదివినవాటిని ఎక్కడ దాచాలి, ఎట్లా పోల్చాలి? ఇక్కడా భౌతికశాస్త్రవేత్త ఒకరు ముందుకు వచ్చారు. లాస్ అలమాస్‌లో అణ్వాయుధాల లెక్కలు చేసిన వాల్టర్ గోడ్ 1979 నుండి డి.ఎన్.ఎ. వరుసలను కంప్యూటరులో కూర్చసాగారు. అదే 1982లో జెన్‌బ్యాంక్ అయింది. ఆ సంవత్సరాంతానికి అందులో ఉన్నవి 606 వరుసలు, 6,80,338 అక్షరాలు. ఒక లావుపాటి నవలకు మించవు. మానవుని పూర్తి జన్యురాశిలో అక్షరాలు సుమారు 300 కోట్లు. 1986లో గిల్బర్ట్, అక్షరానికి ఒక డాలరు చొప్పున 300 కోట్ల డాలర్లతో దానిని చదివివేయవచ్చునని అంచనా వేసి చెప్పినప్పుడు జీవశాస్త్రజ్ఞులలో పెద్ద వాదమే చెలరేగింది. 2003లో ఆ పని, కొన్ని ఖాళీలు మిగిలినా, పూర్తయినట్లు ప్రకటించారు. 1991లోనే ఆయన, ఇకమీదట జీవశాస్త్రజ్ఞుడు కంప్యూటరులోని సమాచారం నుండి ఊహతో ప్రారంభించి, దానిని పరీక్షించడానికి ప్రయోగశాలకు పోతాడని వ్రాశారు. జన్యువులు ఎట్లా ముక్కలుగా ఏర్పడినవో అట్టి సమాచార భాండారాలలోనే వెదకడంలో ఆ తరువాతి సంవత్సరాలు గడిపారు.

మన దేశంలో ఇట్టి ప్రయత్నాలు లేవని అనుకోవద్దు. సర్ సి.వి. రామన్ శిష్యులైన జి.ఎన్. రామచంద్రన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో ఉండి, 1963లో తమ సహచరులతో కలసి, ప్రోటీను గొలుసు ఏ కోణాలలో వంగగలదో, ఏ కోణాలలో అణువులు ఒకదానినొకటి తాకి వంగలేదో లెక్కకట్టి పటం గీశారు. ప్రోటీను నిర్మాణం సరిగా తేలినదా లేదా అని ప్రపంచమంతటా నేటికీ ఆ పటంతో సరిచూస్తారు.

ఇక హైదరాబాదుకు వద్దాము. 2009లో అక్కడి కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రానికి చెందిన కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు ఒక పరిశోధనను ప్రకటించారు. రైక్ తొలి పట్టం భౌతికశాస్త్రంలో. ఆయన సహచరుడు నిక్ పాటర్సన్ గణితజ్ఞుడు, ఒకప్పుడు రహస్య లిపులు విప్పే ఉద్యోగం చేసినవాడు. 25 సముదాయాలకు చెందిన 132 మంది భారతీయుల జన్యురాశిలో, ఒక్కొక్కరికి 5,60,000 పైచిలుకు స్థానాలు పరిశీలించారు. ఏడు కోట్లకు మించిన అంకెలు. వీటిని చేతితో పోల్చడం మానవసాధ్యం కాదు.

ఉత్తరాన, దక్షిణాన, అగ్రకులాలనబడేవాటిలో, గిరిజనులలో, వారు చూచిన దాదాపు ప్రతి సముదాయంలోను రెండు ప్రాచీన వంశధారలు కలసి ఉన్నవని ఆ లెక్క చెప్పింది. పాళ్లు మాత్రమే వేరు. తరువాతి పరిశోధనలు ఈ చిత్రాన్ని ఇంకా సూక్ష్మం చేశాయి. ఈ కలయిక సుమారు 4,200 నుండి 1,900 సంవత్సరాల క్రిందటి వరకు జరిగినదని 2013లో అంచనా వేశారు. ఆ పిమ్మట వివాహాలు సముదాయం లోపలికే కుదించుకొని పోయాయి. పుట్టుకను బట్టి గొప్పలు చెప్పుకొనేవారు ఈ అంకెలను ఒకసారి చూస్తే బాగుండును.

దీని ఫలితం ఆసుపత్రిలో కనిపిస్తుంది. కొద్దిమంది పూర్వుల నుండి పెరిగిన సముదాయంలో, ఆ పూర్వులలో ఒకరికి ఉన్న జన్యులోపం తరతరాలకూ పాకుతుంది. తెలుగునాట వైశ్య సముదాయంలో కొందరికి బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపిస్తుంది. మామూలు జీవితంలో దానివలన ఏ బాధా లేదు. శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించేందుకు ఇచ్చే ఒక మందు మాత్రం వారి శరీరంలో త్వరగా విరగదు. ఊపిరి తిరిగి అందడానికి చాలాసేపు పడుతుంది. ముందుగా తెలిస్తే వైద్యుడు వేరే మందు వాడుతాడు. తెలియకపోవడమే ప్రమాదం. ఇది ఏ ఒక్క సముదాయానికో చెందిన విషయం కాదు. 2017లో దక్షిణాసియాలోని 263 సముదాయాలను పరిశీలించగా, వాటిలో 81 ఇట్టి స్వల్ప పూర్వుల సంతతి అని తేలింది. వాటిలో పధ్నాలుగింటి జనాభా పది లక్షలకు పైబడినది.

మన ఇళ్లలో మేనరికం చేసుకోకపోతే చాలు, ఇక భయం లేదనుకొంటాము. ఇట్టి సముదాయాలలో ఏ చుట్టరికమూ తెలియని ఇద్దరు పెండ్లాడినా, వారి పూర్వుడు ఒక్కడే అయి ఉండవచ్చును. ఏ సముదాయంలో ఏ లోపం ఉన్నదో ఇంకా చాలవరకు తెలియదు. వరుసలను పోల్చి చూపడం కంప్యూటరు పని. ఏ కుటుంబంలో ఏ బిడ్డ ఏ జబ్బుతో పోయినదో ఆ ఇంటి అరుగుమీద కూర్చుని అడిగి, వంశవృక్షం వ్రాసుకొని రావలసినది మనిషి. భౌతికశాస్త్రం చదివిన మీలో కొందరు ఆ పనికి రావాలనుకొంటే, సంఖ్యాశాస్త్రంతోపాటు ఒక సంవత్సరం రక్తపరీక్షల ప్రయోగశాలలో, మరికొంతకాలం ఏదైనా జిల్లా ఆసుపత్రి పిల్లల వార్డులో గడపండి. గిల్బర్ట్ ఆ వేసవిలో గాజు గొట్టాలు పట్టుకొన్నప్పుడు ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు. మీకు ఇంకా పదేళ్ల వ్యవధి ఉన్నది.