రేకుకు చెమట పట్టింది

(కుట్టు మిషన్ల షెడ్డులో సంఘం అక్కలతో చెప్పిన మాటలు)



ఈ రోజు నేను పాఠం చెప్పడానికి రాలేదు. నేను చేసిన ఒక తప్పు చెప్పడానికి వచ్చాను.

మనం కూర్చున్న ఈ షెడ్డు ఒకప్పుడు ట్రాక్టరు పెట్టుకునేది. సంఘం దీన్ని అద్దెకు తీసుకుంది. పైన కొత్త ఇనప రేకులు వేయించాం. అప్పు తెచ్చి ఆరు కుట్టు మిషన్లు కొన్నాం. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం మొదలుపెట్టాం.

సంక్రాంతి నెల వచ్చింది. ఒకనాడు పొద్దున్నే తలుపు తీశాం. పైనుంచి టప్ టప్‌మని చుక్కలు పడుతున్నాయి. కుట్టిన చొక్కాల మీద తుప్పు మరకలు. మిషను సూదులకు తుప్పు.

"వాన లేదు కదా, నీళ్ళు ఎక్కడివి?" అని ఎవరూ అడగలేదు. చదువుకున్నదాన్ని, నేనూ అడగలేదు. రేకులు వేసిన మేస్త్రి పని చెడగొట్టాడు అన్నాం. అతనికి ఇవ్వాల్సిన బాకీ ఆపేద్దాం అన్నది నేనే. ఆ మాట కాగితం మీద రాసిందీ నేనే. మీరు సంతకాలు పెట్టారు. మీలో కొందరు వేలిముద్ర మాని సంతకం పెట్టిన మొదటి కాగితం అదే.

మేస్త్రి భార్య మన కేంద్రంలోనే చదువుకుంటోంది. మర్నాటి నుంచి ఆమె రాలేదు.

హుక్కులన్నిటికీ తారు పెట్టించాం. అయినా చుక్కలు ఆగలేదు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఒక రాత్రి నిచ్చెన వేసుకుని, రేకు అడుగున గుడ్డతో పొడిగా తుడిచాను. తెల్లవారి చూశాను. హుక్కుల దగ్గరే కాదు, రేకంతా సన్నటి చుక్కలే. కన్నంలోంచి వచ్చే నీళ్ళు ఒకచోట కారతాయి. ఇవి అంతటా ఉన్నాయి. రేకు కారడం లేదు. రేకుకు చెమట పట్టింది.

ఇది మీకు తెలియని సంగతి కాదు. అన్నం గిన్నె మీద మూత తీస్తే అడుగున నీటి బొట్లుంటాయి. చెంబులో ఐసు నీళ్ళు పోస్తే చెంబు బయట తడి అవుతుంది. చెంబుకు కన్నం పడిందా? లేదు. గాలిలో కంటికి కనపడని ఆవిరి ఉంటుంది. అది చల్లటి వస్తువుకు తగిలితే నీరవుతుంది.

గాలి వేడిగా ఉంటే ఎక్కువ ఆవిరిని మోస్తుంది. చల్లబడితే అంత మోయలేదు. ఈ షెడ్డు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. 30 డిగ్రీల వేడిలో ఇందులోని గాలి సుమారు 2 లీటర్ల నీటిని ఆవిరిగా మోయగలదు. 20 డిగ్రీలకు దిగితే లీటరుంపావుకు మించి మోయలేదు. మిగిలింది ఎక్కడికి పోతుంది? రేకుకు అంటుకుంటుంది.

మనం "మంచు కురిసింది" అంటాం. నిజానికి గడ్డి మీది మంచు బిందువులు పైనుంచి పడవు. 1814లో ఇంగ్లండులో విలియం చార్లెస్ వెల్స్ అనే డాక్టరు దీని మీద పుస్తకం రాశాడు. ఆయన రాత్రిపూట ఒక చెక్క పైన కొంత ఉన్ని, కింద కొంత ఉన్ని పెట్టి, పొద్దున తూచాడు. పైది ఎక్కువ తడిసింది. కిందిది తక్కువ తడిసింది. మబ్బు లేని రాత్రి, ఆకాశం కనపడే వస్తువు తన వేడిని పైకి వదిలేసి బాగా చల్లబడుతుంది. దానికే మంచు ఎక్కువ పడుతుంది. చెట్టు కింద మంచం తడవకపోవడం మీరు చూసిందే కదా!

మన రేకు రాత్రంతా ఆకాశం కింద ఉంటుంది. పల్చటిది, తొందరగా చల్లబడుతుంది. లోపల మనం పదిమందిమి రాత్రి తొమ్మిది దాకా పని చేస్తాం. మన ఊపిరిలో ఆవిరి, టీ పొయ్యి ఆవిరి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసిన ఆవిరి. దొంగల భయంతో తలుపులు బిగించి వెళ్తాం. ఆ ఆవిరే పొద్దున చుక్కలై పడింది.

ఈ సంగతి తెలిశాక మేస్త్రి ఇంటికి వెళ్ళాను. బాకీ ఇచ్చాను. తప్పు నాదని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన భార్య మాత్రం అంది: "తాటాకింట్లో పుట్టినదాన్ని పంతులమ్మగారూ. ఆకు కప్పుకు చెమట పట్టగా నేను చూడలేదు. మీరు నన్నడిగితే చెప్పేదాన్ని."

ఆమె మాట ప్రకారమే చేశాం. రేకు మీద తాటాకు కప్పి, గాలికి లేవకుండా తాళ్ళతో కట్టాం. ఇప్పుడు రేకు ఆకాశానికి కనపడదు. అంతగా చల్లబడదు. టీ పొయ్యి బయట పెట్టాం. పని అయ్యాక అరగంట తలుపులు తీసి ఉంచుతున్నాం. గోడల పైభాగాన రెండు వైపులా కిటికీలు పెట్టి జాలీ కొట్టించాం. మంచు రాత్రుల్లో బయటి గాలి కూడా తడిగానే ఉంటుంది. అందుకని కిటికీలొక్కటే చాలవు, కప్పూ కావాలి.

తాటాకు దొరకనివారు రేకు అడుగున థర్మాకోల్ పలకలు వేయించుకోవచ్చు. సందులు లేకుండా టేపు అతికించాలి. గది వైపు ప్లాస్టిక్ కాగితం కప్పాలి. సందు ఉంటే ఆవిరి వెనక్కి పోయి, అక్కడ చాటుగా నీరవుతుంది. ఒక జాగ్రత్త: తాటాకూ, థర్మాకోలూ రెండూ అంటుకుంటాయి. థర్మాకోల్ పొగ ప్రాణానికి ప్రమాదం. పొయ్యి, బొగ్గుల ఇస్త్రీ పెట్టె దూరంగా ఉంచాలి.

రోజూ మిషను తుడిచి, నూనె గుడ్డతో రాసి, నూలు గుడ్డ కప్పండి.

అక్కలారా! మేస్త్రి భార్య మళ్ళీ చదువుకు వస్తోంది. ఇదిగో, ముందు వరసలో కూర్చుంది. ఆ పాత కాగితం మీ ఎదుటే చింపేస్తున్నాను. మనకు సంతకం వచ్చింది, మంచిదే. సంతకం పెట్టేముందు ఒక ప్రశ్న అడగడం కూడా నేర్చుకుందాం. నాతో సహా.

సెలవు.

మీ కేంద్రంలో మాట్లాడుకోండి:
1. మీ ఇంట్లో చెమట పట్టే వస్తువులు ఏవి? ఎప్పుడు పడుతుంది?
2. కప్పు కారుతోందా, చెమట పట్టిందా? ఎలా తెలుసుకుంటారు?
3. తెలుసుకోకుండా ఎవరినైనా తప్పు పట్టామా?