జంట యంత్రాలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణానికి వచ్చిన మీకు యంత్రశాల ముచ్చట వినిపించడం న్యాయమా అని మాలో మేము కొంత తర్కించుకున్నాం. అయితే మీ యిళ్లలోని పిల్లలు పలువురు నేడు యీ పనిలోనే వున్నారు. “అక్కడ ఏం చేస్తావే?” అని అమ్మమ్మ అడిగితే చెప్పలేక వూరుకుంటున్నారు. వారి తరఫున నాలుగు మాటలు చెబుతాం.

మేము ముగ్గురం పూనా దగ్గర ఒక కర్మాగారంలో సర్క్యూట్ బోర్డులు తయారుచేసే విభాగంలో వున్నాం. మా పెద్దలు తెలంగాణా జిల్లాల నుండి షోలాపురం వెళ్లి మగ్గాలు పట్టిన పద్మశాలీలు. వారి నేతకూ మా పనికీ సంబంధం లేదనుకునేవాళ్లం.

పని యిట్లా జరుగుతుంది. పచ్చని పలక మీద ముందుగా సాల్డర్ పేస్టు, అంటే పిండిచేసి జిగురుగా కలిపిన టంకం, అచ్చు వేస్తారు. తరువాత ప్లేస్‌మెంటు యంత్రం గాలి పీల్చే సన్నని ముక్కుతో రీలులోని భాగాలను ఎత్తి వాటి వాటి చోట్ల పెడుతుంది. ఒక్కొక్కటి 1.6 మిల్లీమీటర్ల పొడవు, 0.8 వెడల్పు, నువ్వుగింజ కంటే చిన్నది. ఆపైన బోర్డు ఓవెన్‌లోకి పోతుంది. సీసం లేని టంకం సుమారు 217 డిగ్రీల వద్ద కరిగి, చల్లారి, భాగాలను పట్టుకుంటుంది.

మా బోర్డుకు 240 భాగాలు. ఒక్క యంత్రానికి 48 సెకండ్లు పట్టేది. గంటకు 75 బోర్డులు. యజమాని రెండవ యంత్రం తెప్పించారు. రెండింటినీ ఒకదాని వెనుక ఒకటి పెట్టి భాగాలను చెరిసగం పంచవచ్చును. లేదా పక్కపక్కన పెట్టి ఒక్కొక్కదానికి పూర్తి బోర్డు అప్పగించవచ్చును. ఎట్లా చూసినా 24 సెకండ్లకు ఒకటి, గంటకు 150. మొదటి పద్ధతిలో ఒకటి ఆగితే రెండవదీ ఆగుతుంది. రెండవ పద్ధతిలో సగం పని సాగుతుంది గాని ప్రతి రీలూ రెండేసి కావాలి. మేము పక్కపక్కనే పెట్టాం. బోర్డులను అటొకటి యిటొకటి పంచే బల్లను షటిల్ అంటారు. అంటే మన నాడె! ఆ పేరు విని మురిసిపోయాం.

మురిపెం ఎంతోకాలం లేదు. నెల గడిచినా గంటకు 100 దాటలేదు. అంతలో ఒక రాత్రి పరీక్ష బల్ల దగ్గర వింత కనిపించింది. ఒక బోర్డు మంచిది, మరొకటి చెడ్డది, మళ్లీ మంచిది, మళ్లీ చెడ్డది. రెండవ యంత్రంలో ఒక కెపాసిటర్ రీలుకు బదులు మరొకటి ఎక్కింది. ఆ చిన్న కెపాసిటర్ల మీద అంకెలేమీ వుండవు. తనిఖీ చేసే కెమేరాకు అన్నీ ఒక్కటే.

రీలు ఎక్కించిన పిల్లను పనిలోనుండి తీసివేయాలన్నారు. ఆమె మా షోలాపురపు పిల్లే. “అన్నా, రెండు యంత్రాలూ ఒక్కసారే పిలిచినయి. నాకు చేతులు రెండే గదా” అన్నది.

ఆ మాట మమ్మల్ని నిద్రపోనీయలేదు. మరునాడు కాగితం తీసుకొని కూర్చున్నాం. రీలులో 5000 భాగాలు. బోర్డుకు 20 చొప్పున 250 బోర్డులకు సరి. అంటే 3 గంటల 20 నిమిషాలు. రెండు యంత్రాలనూ ఒకే క్షణాన నిండు రీళ్లతో ఆరంభించింది మేమే. అవి ఒకే క్షణాన ఖాళీ కాక ఏం చేస్తాయి? రీలు అయిపోకముందే కొత్తదాని కొసను పాతదాని కొసకు అతికిస్తే యంత్రం ఆగదు. కాని రెండు వైపులా ఒక్కసారి ముంచుకువస్తే అతికించే వ్యవధి ఏదీ?

మాలో ఒకరి తాతగారు మరమగ్గాల మీద బతికినవారు. ఆయనకు చెబితే నవ్వారు. “రెండు నాడెల్లో నిండు కండెలు పెడతారురా ఎవరైనా? ఒకదాంట్లో సగం కండె పెట్టాలి. అది అయిపోయినప్పుడు యిది నడుస్తుంది” అన్నారు. ఇంజనీరింగు చదివిన మాకు యీ సంగతి ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఒక యంత్రానికి నిండు రీళ్లు, రెండవదానికి సగం రీళ్లు వేసి ఆరంభించాం. రీలు మీది బార్‌కోడు చదివితేనే యంత్రం కదిలే ఏర్పాటు చేశాం. ఏ యంత్రం నుండి వచ్చిందో ప్రతి బోర్డుకూ గుర్తు పెట్టాం. తప్పు మా ఏర్పాటులోనే వున్నదని వ్రాసి సంతకాలు చేసి యిచ్చాం. కొందరు పెద్దలకు కోపం వచ్చింది. పిల్ల పనిలో నిలిచింది.

ఫలితం చూసి యజమాని మూడవ యంత్రం కొంటామన్నారు. మేము వద్దన్నాం. మూడు యంత్రాలు గంటకు 225 పెట్టగలవు, నిజమే. కాని పేస్టు అచ్చు వేయడానికి బోర్డుకు 20 సెకండ్లు; గంటకు 180 మించవు. ఓవెన్ పట్టీ నిమిషానికి 80 సెంటీమీటర్లు నడుస్తుంది. 20 సెంటీమీటర్ల బోర్డు, 5 సెంటీమీటర్ల ఎడం. గంటకు 192 మాత్రమే. పట్టీ వేగం పెంచితే టంకం సరిగా కరగదు.

యజమాని ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. మూడవ యంత్రం రాలేదు. రాత్రి షిఫ్టులో ఆ పిల్లకు తోడుగా మరొక మనిషిని వేశారు. యిప్పుడు గంటకు 138 బోర్డులు వస్తున్నవి.