ఆయుధబలము: కూడికయా? హెచ్చవేతయా?

ఏ ఆయుధమును చూచినను మొదట పుట్టు ప్రశ్న ఒక్కటే: దీని దెబ్బ యెంత? కత్తికి పదును, గదకు బరువు, వింటికి దూరము, ఫిరంగికి గుండు పరిమాణము. ఇట్లు ఒక్కొక్క ఆయుధమునకు ఒక్కొక్క గుణము ప్రధానమని మనకు తోచును. ఆ గుణమును ఎంత పెంచినచో బలమంత పెరుగునని నమ్ముట మనుష్యస్వభావము. ఈ నమ్మకములో ఒక లెక్క పొరపాటున్నది. ఆ పొరపాటువలన పూర్వము పాలకుల ధనము మట్టిపాలైనది. దేవాలయముల విగ్రహములు కొలిమిపాలైనవి. అది ఎక్కడనో జరిగిన కథ కాదు. మన పెన్న యొడ్డునను, మన హంద్రి యొడ్డునను జరిగినదే.

నేడు ఆ లెక్క మరల మన యిండ్లలోనికి వచ్చినది. పిల్లలు కంప్యూటరుమీదను, సెల్‌ఫోనుమీదను ఆడు ఆటలలో ఒక జాతి ఉన్నది. అందు ఆటగాడు ఒక వీరుని పాత్ర ధరించును. రాక్షసులను గొట్టి కత్తులు, కవచములు, ఉంగరములు సంపాదించును. ప్రతి వస్తువుమీదను కొన్ని అంకెలుండును: దెబ్బకు ఇంత, వేగమునకు ఇంత, మర్మఘాతమునకు ఇంత, ప్రాణమునకు ఇంత అని. అమెరికాలో వెలువడిన డయాబ్లో అను ఆట ఈ జాతికి లోకమున గొప్ప ప్రచారము తెచ్చినది. ఏ వస్తువు ధరించి ఏది విడిచినచో దెబ్బ హెచ్చునని ఆడువారు గంటల తరబడి లెక్కలు వేయుదురు. పెద్దలకు అది కాలహరణముగా కనిపింపవచ్చును. కాని ఆ లెక్క చాల పాతది. దానిని గుర్తింపక చెడినవారిలో పేరుపొందిన సేనానులు కూడ ఉన్నారు.

మొదట మన పల్లెలకు తెలిసిన ఆయుధము నొకదానిని తీసికొందము. అది జొన్నచేను కంకివేసిన దినములలో మంచెయెక్కి పిట్టలను తోలు కావలివాని వడిసెల. త్రాటి కొన నొకదానిని వ్రేలికి తగిలించి, రెండవ కొనను పట్టుకొని, నడుమ రాయి నుంచి, గిరగిర త్రిప్పి, అదను చూచి ఆ కొన విడుచును. దీని బలము దేనిలో ఉన్నది? వేగము మారక రాతిబరువు రెట్టింపైనచో దెబ్బలోని శక్తి రెట్టింపగును. బరువు మారక వేగము రెట్టింపైనచో శక్తి నాలుగింతలగును. కాని రాయి బరువెక్కినకొలది చేతివడి తగ్గును. త్రాడు పొడవైనచో వేగము పెరుగును గాని, విడుచు క్షణము రవంత తప్పినను రాయి ప్రక్కవాని చేనిలో పడును. అందుచేతనే అనుభవము గల కావలివాడు గులకరాళ్ళను అరచేతిలో తూచిచూచి యేరుకొనును. మరీ పెద్దది తీసికొనడు. మరీ చిన్నది తీసికొనడు. అతడు బరువును, వేగమును, గురిని విడివిడిగా చూచుటలేదు. మూటిని కలిపి చూచుచున్నాడు.

కలిపి యనగా కూడి కాదు, హెచ్చవేసి. విషయమంతయు ఇందే ఉన్నది. కూడికలో ఒక అంకె సున్నయైనను మిగిలినవి నిలుచును. హెచ్చవేతలో ఒక్కటి సున్నయైనచో మొత్తము సున్నయే. ఒక్కొక్క దెబ్బ బలమెంత, గంటకు ఎన్ని దెబ్బలు, వానిలో తగులునవి యెన్ని? ఈ మూడింటిని హెచ్చవేయగా వచ్చునదే ఆయుధముయొక్క నిజమైన బలము.

ఇక గండికోటకు పోదము. జమ్మలమడుగునకు సమీపమున, పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని పారు లోయ యంచున ఆ దుర్గమున్నది. పెమ్మసాని నాయకులు ఏలిన ఆ కోటను 1650లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేనాని మీర్ జుమ్లా పట్టుకొనెను. రెండేండ్ల తరువాత, 1652 సెప్టెంబరులో, ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ అచ్చటికి వచ్చి, తాను చూచినదియు విన్నదియు తన యాత్రాగ్రంథములో వ్రాసి యుంచెను. ఆతని వ్రాతనుబట్టి, కోట ముట్టడి మూడు మాసములు సాగినది. పైకి పోవు త్రోవ యొక్కటే; అదియు కొండను తొలిచి వేసిన యిరుకుబాట, ప్రక్కన అగాధము. మీర్ జుమ్లా కొలువులో ఐరోపా జాతుల ఫిరంగివాండ్రు కొందరుండిరి. వారు కొద్ది ఫిరంగులను ఎట్లో పైకెక్కించి కోటవారి ఫిరంగులను మూగపరచిన పిమ్మటనే కోట వశమైనది. ఇచట గమనింపవలసిన దేమన, గెలిచినవి ఆ కొండ ఎక్కగలిగిన ఫిరంగులు. ఎంత పెద్ద ఫిరంగియైనను కొండక్రింద నిలిచిపోయినచో ఆ పనికి దాని బలము సున్న.

కోట చేజిక్కిన తరువాత మీర్ జుమ్లా ఆశ పెరిగినది. ఇరువది ఫిరంగులు పోత పోయింపదలచెను. వానిలో పది 48 పౌనుల గుండు వేయునవి. పది 24 పౌనుల గుండు వేయునవి. 48 పౌనులనగా నేటి తూకమున సుమారు 22 కిలోలు. ఆ పని క్లోడ్ మైయే అను ఫ్రెంచివాని కప్పగించెను. లోహము కొరకు నానాదేవాలయములనుండి విగ్రహములను తెప్పించిరి. గండికోట ఆలయమునందలి ఆరు రాగివిగ్రహములు మాత్రము ఎంత కాచినను కరగలేదనియు, అర్చకులు వానిపై మంత్రము ప్రయోగించిరని నవాబు వారిని బెదరించెననియు టావెర్నియర్ వ్రాసెను. కడపట జరిగినదేమి? ఒక ఫిరంగి పగిలినది. మరియొకటి అసంపూర్తిగా నిలిచినది. పనికివచ్చు ఫిరంగి ఒక్కటియు వెలువడలేదు. మైయే మొదలుపెట్టిన పనినంతయు విడిచి, కొంతకాలమునకు కొలువును కూడ విడిచిపోయెను.

విగ్రహముల మహిమను గూర్చి ఎవరి విశ్వాసము వారిది. కాని పోతపని స్వభావ మెరిగినవారికి ఇందు వింత కనబడదు. ఫిరంగి కంచునకు తొమ్మిది పాళ్ళు రాగి, ఒక పాలు తగరము ఉండుట వాడుక. పలుచోట్ల, పలు కాలములలో, పలు పాళ్ళతో పోసిన విగ్రహములను ఒక్క కొలిమిలో వేసినచో ఆ పాళము నిలుచుట కష్టము. కరిగిన లోహమంతయు ఎడతెగని ధారగా అచ్చులోనికి దిగవలెను. నడుమ ఆగినచో అతుకు పడును, చాలకున్నచో పోత సగములో నిలుచును. గోడ మందమైనకొలది బయట ముందుగను లోపల తరువాతను చల్లారి పగులు పుట్టును. ఫిరంగి పెద్దదైనకొలది ఈ చిక్కులన్నియు పెద్దవగును. మరి లాభమో? గుండు బరువు రెట్టింపైనచో దాని అడ్డుకొలత సుమారు నాలుగవవంతే పెరుగును. మందు, గొట్టపు బరువు, బండి, లాగు ఎద్దులు మాత్రము దాదాపు రెట్టింపు కావలసియుండును.

లెక్క కొరకు రెండు ఫిరంగులను ఊహింతము. మొదటిది 48 పౌనుల గుండును గంటకు 5 మారులు వేయును. అయిదింట ఒకటి గురికి తగులును. హెచ్చవేసినచో గంటకు 48 పౌనుల దెబ్బ. రెండవది 24 పౌనుల గుండును గంటకు 10 మారులు వేయును. అయిదింట రెండు తగులును. హెచ్చవేసినచో గంటకు 96 పౌనుల దెబ్బ. గుండు సగమయ్యెను, పని రెట్టింపయ్యెను. దళమైన గోడను కూల్చుటకు పెద్దగుండు కావలసిన సందర్భము లేకపోలేదు. కాని ఆ సందర్భము వచ్చినదో లేదో చూచుకొనక గుండునే పెంచువాడు ఒక్క అంకెను పూజించి మిగిలినవానిని మరచినవాడు.

ఇప్పుడు పిల్లల ఆటను చూచినచో అది మనకు క్రొత్తగా తోచదు. 2020లో చైనా సంస్థ మిహోయో వెలువరించిన గెన్షిన్ ఇంపాక్ట్ అను ఆట ఇందుకు తగిన ఉదాహరణము. ఆ ఆటలో కొన్ని దెబ్బలు మామూలుగా తగులును. కొన్ని మర్మఘాతములై అధికముగా తగులును. మర్మఘాతము తగులు అవకాశము మొదట నూటికి 5. తగిలినప్పుడు కలుగు అదనపు బలము నూటికి 50. ధరించు వస్తువులు ఈ రెండింటిని పెంచును. అవకాశము ఒక పాలు దొరకుచోట అదనపు బలము రెండు పాళ్ళు దొరకును. ఆటగాడు దేనిని కోరవలెను?

అతని కున్నదంతయు అవకాశముమీదనే పెట్టినచో నూటికి 100 వచ్చుననుకొందము. దానిలో ఎంత తగ్గించుకొన్నచో దానికి రెట్టింపు అదనపు బలము వచ్చును. అవకాశము 5, అదనము 190 పెట్టుకొన్నచో నూరు పాళ్ళ దెబ్బ సగటున నూట తొమ్మిదిన్నర యగును. అవకాశము 20, అదనము 160 అయినచో 132. అవకాశము 80, అదనము 40 అయినను 132. అవకాశము 50, అదనము 100 అయినచో 150! రెండు కొనలకు పోయినవాడు నష్టపోయెను. నడుమ నిలిచినవాడు గెలిచెను. ఇందు మాయ యేమియు లేదు. కంచె పొడవు ఒక్కటే యైనప్పుడు, సన్నగా పొడవుగా నుండు చేనికన్న నాలుగు ప్రక్కల సమముగా నుండు చేనికి నేల యెక్కువ వచ్చునని రైతుకు తెలియును. అదియు హెచ్చవేతయే, ఇదియు హెచ్చవేతయే. అవకాశము నూరు దాటినచో ఆ దాటినదంతయు వృథాయని వేరుగ చెప్పనక్కరలేదు. నూరింట నూటపది దెబ్బలు తగులవు గదా.

ఇంకొక సూక్ష్మమున్నది. పెక్కు ఆటలలో ఒకే జాతి అదనములు తమలో తాము కూడికగానే చేరును. నూరుగా నున్న దెబ్బను అట్టి అదనములతో ఇదివరకే 400 చేసికొన్నవాడు, మరియొక 100 చేర్చుకొన్నచో 500 అగును. ఆ పెరుగుదల నాలుగవవంతు మాత్రమే. ఆ 100నే ఇంతవరకు తాకని వేరొక జాతి గుణములో పెట్టినచో, అది హెచ్చవేతలో చేరి 400ను 800 చేయును. కనుక నేర్పరి యడుగు ప్రశ్న ‘దేనిని ఇంకను పెంచుదును?’ అని కాదు. ‘దేనిని ఇంతవరకు మరచితిని?’ అని. దెబ్బకొరకు ప్రాణపు అంకెను బలిపెట్టినవాని గతియు ఇట్టిదే. పడిపోయినవాడు కొట్టు దెబ్బలు సున్న.

ఆ సున్న యెట్లుండునో కర్నూలు చరిత్ర చూపుచున్నది. అచటి కడపటి నవాబు గులాం రసూల్ ఖాన్ ఏండ్ల తరబడి రహస్యముగా ఆయుధములు కూర్చెను. 1839లో ఈస్టిండియా కంపెనీవారు వచ్చి వెదకగా, రాజభవనమునందును అంతఃపురపు ఆవరణలందును వందలకొలది ఫిరంగులు, పోతకొలుములు, మందు, గుండ్లు బయటపడినవి. చూచినవారు నివ్వెరపోయిరి. కాని ఆ ఫిరంగులలో ఒక్కటియు కోటను కాపాడలేదు. కంపెనీ సేన పోరాటము లేకయే కోటలో ప్రవేశించెను. నవాబు కోట విడిచి, హంద్రి కావలి జొహరాపురములో అరబ్బు, రొహిల్లా భటులతో నుండెను. అక్టోబరులో అచట జరిగిన పోరులో ఓడి పట్టుబడి, తిరుచిరాపల్లికి పంపబడి, 1840లో అక్కడ హతుడయ్యెను. ఫిరంగుల సంఖ్య గొప్పది. గుండ్ల రాశి గొప్పది. వానివెనుక నిలిచి నిప్పంటించు శిక్షితులైన మనుష్యులు, వారిని నడుపు ఏర్పాటు, ఈ అంకె మాత్రము సున్న. హెచ్చవేయగా వచ్చినదియు సున్న.

గండికోటలో ఒక్క ఫిరంగియు పుట్టలేదు. కర్నూలులో వందలు పుట్టియు ప్రేలలేదు. రెండు చోట్లను ధనము లేక కాదు, సంకల్పము లేక కాదు. గండికోటలో గుండు పెరిగి పోత ఓడెను. కర్నూలులో పోత గెలిచి మనుష్యులు కొరవడిరి. బలహీనమైన అంకె ఎక్కడనుండునో అక్కడనే ఆయుధము విరుగును.

మన యింట ఆటలో మునిగియున్న పిల్లవానిని కసరుటకు ముందు, శ్రోతలు వాని నొక ప్రశ్న అడిగి చూడవచ్చును: ‘నీ వీరునికి అన్నిటికన్న తక్కువగా నున్న గుణమేది?’ అని. తడుముకొనక చెప్పినచో వానికి లెక్క తెలిసినట్లే. అప్పుడు వానిచేత ఆ ఆట మూయించి, కాగితము, పెన్సిలు ఇచ్చి, గండికోట ఫిరంగుల లెక్క చేయింపుడు. ఆ తరువాత ఈ యేటి మన వేరుసెనగ చేను లెక్కయు వేయింపుడు: విత్తనమెంత, ఎరువెంత, నేలలో తడి యెంత అని. ఆ మూడును హెచ్చవేతగానే చేరునని వాడే కనుగొనును.