ఎల్లవేళలా స్తుతి, అందరం కలిసి



ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల తండాల్లో ప్రభువును నమ్ముకుని ఆదివారం ఆరాధనకు కూడుకునే గిరిజన విశ్వాసుల తరఫున మాట్లాడుతున్నాం. సేవాలాల్ మహరాజ్ జయంతికి భోగ్ చేసేవారూ, చర్చికి వెళ్లేవారూ ఒకే వరుసలో కూర్చునే సంఘం ఇది. ఇక్కడ మాకు మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు.

ఎల్లప్పుడూ దేవుణ్ణి స్తుతించాలని బైబిలు చెబుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ బోరు ఎండిపోయిన రోజు, ఉద్యోగ పరీక్ష ఫలితాల్లో పేరు లేని రోజు, సిటీలో కూలి అడ్డా మీద పని దొరకక తిరిగి వచ్చిన రోజు ఎలా స్తుతిస్తాం? యువత మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇదే. మన ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఏళ్ల తరబడి ఎండి ఉండడం చూశాం, నిండడమూ చూశాం. నిండిన ఏడు పాడడం ఎవరికైనా వస్తుంది. ఎండిన ఏళ్ల సంగతేమిటి?

కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలు ఉన్నాయి. చాలామంది అవన్నీ సంతోషపు పాటలే అనుకుంటారు. చదివి చూడండి. ఎందుకు నన్ను విడిచావని దేవుణ్ణి నిలదీసేవి, కన్నీళ్లతో నిండినవి వాటిలో ఎన్నో ఉన్నాయి. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది. అయినా ఆ పుస్తకం చివరి ఐదు కీర్తనలూ స్తుతితో మొదలై స్తుతితోనే ముగుస్తాయి. అంటే ఏడుపును దాచిపెట్టి నవ్వమని దేవుడు అడగడం లేదు. ఏడుపును కూడా ఆయన దగ్గరికే తెమ్మంటున్నాడు. హెబ్రీ పత్రికలో స్తుతిని యాగం అన్నారు. యాగం అంటే ఖర్చు ఉంటుంది. తేలికగా వచ్చే మాటను ఎవరూ యాగం అనరు.

అంత బరువు ఒక్కరే మోయలేరు. అందుకే కలిసి స్తుతించాలి. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో పౌలు, సీలలను దెబ్బలు కొట్టి, కాళ్లకు బొండ వేసి చెరసాలలో పెట్టారు. అర్ధరాత్రి వాళ్లు పాడారు. ఇద్దరూ కలిసి పాడారు, తోటి ఖైదీలు విన్నారు. ఒకరి గొంతు పూడుకుపోయినప్పుడు ఇంకొకరి గొంతు పాటను నిలబెడుతుంది. ఈ వారం మీరు పాడలేకపోవచ్చు. మీ పక్కన కూర్చున్నవారు మీ కోసం పాడతారు. వచ్చే నెల వాళ్ల ఇంట్లో కష్టం వస్తే మీరు పాడతారు. ఎల్లవేళలా స్తుతి ఆగకుండా సాగేది ఇలాగే.

ఇది మన జాతికి కొత్తగా ఎవరో నేర్పిన సంగతి కాదు. అత్తవారింటికి వెళ్లే ఆడపిల్ల ఢావ్లో పాడుతూ ఏడిస్తే తోటివాళ్లు ఆమెను కౌగిలించుకుని ఏడుస్తారు, పాడతారు. తీజ్ తొమ్మిది రోజులూ ఆడపిల్లలు గుంపుగా పాడతారు. దుఃఖమైనా సంతోషమైనా మన తండాలో పాట అంటే పదిమందిది.

మన తెలుగు సంఘాల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) నూరుకు పైగా తెలుగు కీర్తనలు రాశారు. చదువు రాని కూలీలు కూడా వాటిని కలిసి పాడి నేర్చుకున్నారు. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తమిళ నేలలో పుట్టి, తెలుగు నేర్చుకుని, ఇక్కడి పల్లె ప్రజలు తమ రాగాల్లో, తమ కోత పండుగల్లో దేవుణ్ణి స్తుతించేలా ప్రోత్సహించారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథడ్రల్‌లో ఈ దేశపు గుడి స్తంభాల పోలిక, మసీదు గుమ్మటాల పోలిక రెండూ కనిపిస్తాయి. విశ్వాసం కోసం మన నేలను, మన గొంతును వదులుకోనక్కర్లేదని దాన్ని చూస్తే అర్థమవుతుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇప్పుడు మనకు రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి, స్తుతి ఫోన్‌లోకి, ఇయర్‌ఫోన్‌లోకి వెళ్లిపోయింది. సిటీలో గది అద్దెకు తీసుకున్న పిల్లలు పాటలు వింటున్నారు గాని పాడడం లేదు. వినడం మంచిదే, కానీ మీరు రాని ఆదివారం మీరు ఎందుకు రాలేదని ఫోన్ అడగదు.

రెండోది, తండాలో చీలిక. చర్చికి వెళ్తే జాతిని వదిలినట్టే అని కొందరు అంటారు. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. మన రక్తసంబంధంలోనూ లేదు. అలాగే మనమూ ఇతరుల పూజను ఎగతాళి చేయకూడదు. రాత్రి పొద్దుపోయాక మైకు పెట్టి పక్కింటి చంటిపిల్లను నిద్ర లేపితే అది స్తుతి కాదు. చిన్న మాటపై అలిగి ఒకే తండాలో రెండు కూడికలు పెట్టుకుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా దేవుణ్ణి పొగడడం కూడా స్తుతి కాదు. ముందు వెళ్లి సమాధానపడండి, తర్వాత పాడండి.

మేము అడిగేవి మూడే. రోజూ సాయంత్రం ఇంట్లో పది నిమిషాలు, అందరూ కూర్చుని ఒక కీర్తన చదవండి, ఒక పాట పాడండి. కూడికకు రాని ఒకరికి ప్రతి వారం ఫోన్ చేయండి, వీలైతే ఇంటికి వెళ్లండి. మన గోర్ బోలిలో నెలకు ఒక స్తుతి పాట కట్టండి. మన భాషకు సొంత లిపి లేదని ఆగిపోవద్దు, తెలుగు అక్షరాల్లో రాయండి. మాటలకు తడుముకుంటే మీ దాదిని అడగండి. ఆమెకు తెలిసిన మాటలు ఆమెతోనే పోకూడదు.

మీ గొంతు బాగుందా లేదా అని చూసుకోవద్దు. డప్పు తెలిసినవారు డప్పు, తాళం తెలిసినవారు తాళం, ఏదీ రానివారు చప్పట్లు. దేవుడు మనల్నీ మన తండాలనూ దీవించును గాక.