వాన లెక్క చూసి పంట వేసే ఊరు

మా నాన్న మూడో బోరు వేసినప్పుడు 600 అడుగులు దిగినా దుమ్ము తప్ప ఏం రాలేదు. ఆ అప్పు నా మొదటి రెండేళ్ల జీతంతో తీరింది. పంచాయతీలో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. నిజానికి 2002 వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి.

ఇప్పుడు మహారాష్ట్రలో హివరే బజార్ చూడండి. అహ్మద్‌నగర్ జిల్లా, ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు. ఏడాదికి 400 మిల్లీమీటర్లు అటూ ఇటూ వాన. మన అనంతపురం కన్నా తక్కువే! 1989లో పోపట్‌రావ్ పవార్ సర్పంచ్ అయ్యాక కొండమీద కందకాలు తవ్వారు, చెక్‌డ్యాములు కట్టారు, చెట్లు నరకడం ఆపారు. సరే, ఇంతవరకు చాలా ఊళ్లు చేశాయి. మనమూ ఇంకుడు గుంతలు తవ్వి ఫొటోలు దిగాం కదా.

అసలు కథ ఆ తర్వాతే. నీళ్లు పెరిగాయి కదా అని ఎవరికి వాళ్లు బోర్లు వేసుకుంటే మళ్లీ మొదటికే. అందుకే సాగుకు బోరు వద్దు, చెరకు వద్దు అని ఊరంతా కట్టుబడ్డారు. ఏటా పడిన వాన, బావుల్లో నీటిమట్టం కొలుస్తారు. తాగడానికి, పశువులకు ముందు పక్కన పెడతారు. మిగిలినదాన్ని బట్టి యాసంగిలో ఏం వెయ్యాలో గ్రామసభలో తేల్చుకుంటారు. వాన తగ్గితే సాగు ఎకరాలూ తగ్గుతాయి. ఎవరికీ నచ్చదు, కానీ అందరికీ తగ్గుతాయి.

మన పంచాయతీలకు ఆ పని లేదా అంటే ఉంది. రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లోని 29 అంశాల్లో మూడోది నీటి నిర్వహణే.

జనవరి 26 గ్రామసభకి మా ఊరెళ్తున్నా. ఊళ్లో మొత్తం ఎన్ని బోర్లు ఉన్నాయని అడుగుతా. మీరూ మీ ఊళ్లో అడగండి. ఏం చెప్పారో వచ్చే వీడియోలో మాట్లాడుకుందాం.