షిల్లింగు దినములు

1851వ సంవత్సరము మే 1వ తేదీన లండను నగరమందలి హైడ్ పార్కులో విక్టోరియా రాణి సర్వదేశ ప్రదర్శనమును ప్రారంభించెను. ఇనుముతోను గాజుతోను వెలసిన ఆ మహాభవనమును రూపొందించిన జోసెఫ్ పాక్‌స్టన్ వృత్తిచే ఉద్యానపాలకుడు. పార్కులోని ఎల్ము వృక్షములను కొట్టివేయరాదని జనులు పట్టుపట్టగా, ఎత్తైన కమాను కప్పు వేయించి, చెట్లను లోపలనే నిలిపెను.

ప్రవేశ రుసుము తొలుత కలవారికే అందునదిగా నుండెను. మే 26 మొదలు వారమున నాలుగు దినములు షిల్లింగునకే ద్వారములు తెరచిరి. కూలిజనము గుంపులుగా వచ్చినచో అల్లరులు చెలరేగునని పెద్దలు బెదరిరి. ఏ అల్లరియు జరుగలేదు. పల్లెవాసులు రైళ్లలో తరలివచ్చి, నడచుచున్న యంత్రముల యెదుట ఆశ్చర్యముతో నిలిచిరి. మన కృష్ణాతీరపు కొల్లూరు గనిలో పుట్టినదని ప్రతీతిగల కోహినూరును చూచి మాత్రము, ఇంతేనా యని పెదవి విరిచిరట! 1849లో పంజాబును కలుపుకొన్నప్పుడు, బాలుడైన దులీప్ సింగునుండి ఆంగ్లేయులు కైకొన్న రత్నమది.

అక్టోబరులో ముగియునాటికి సందర్శనములు 60 లక్షలు. అందు అధికభాగము షిల్లింగు దినములవే. ఖర్చులు పోగా మిగిలిన 1,86,000 పౌనులు దక్షిణ కెన్సింగ్టనులో మ్యూజియములకు భూమి కొనుటకు వినియోగపడెను. భవనము సిడెన్‌హామునకు తరలి, 1936లో దగ్ధమయ్యెను. ఆ భూమిపై నున్న విక్టోరియా ఆల్బర్టు మ్యూజియములో నేడు ప్రవేశమునకు ఆ షిల్లింగు కూడ అడుగరు.