గుంటుపల్లి మెట్లు



యాత్ర యనగానే మనకు కాశియు రామేశ్వరమును జ్ఞప్తికి వచ్చును. ఇంటిచెంత నున్నది మాత్రము కంటికి ఆనదు. నేను కామవరపుకోటవాడను. మా మండలములోనే జీలకఱ్ఱగూడెము చేరువ గుంటుపల్లి కొండ గలదు. ఆ కొండను గూర్చియు, గోదావరి యానకట్టను గూర్చియు, చిన్ననాడు నేను చేసిన యొక తప్పును గూర్చియు నేడు మీకు విన్నవించెదను.

ఏలూరినుండి వచ్చువారు కామవరపుకోట మీదుగా ఈ కొండకు పోవచ్చును. ఎండకాలమున ఱాయి కాలును గనుక మార్గశిరము మొదలు మాఘమువఱకు అనువైన కాలము. కొండమీద ఇటుకకట్టడముల పునాదులును, వరుసలు తీరిన చిన్న స్తూపములును, భిక్షువులు వసించిన గుహలును గలవు. వీని యన్నిటిలో ముఖ్యముగా చూడవలసినది ఱాతిని తొలిచిన గుండ్రని చైత్యము. నడుమ స్తూపము, చుట్టును ప్రదక్షిణమునకు సన్నని త్రోవ. మనవారు ఆ స్తూపమును లింగముగా భావించి, ధర్మలింగేశ్వరుడని కొలిచిరి. లోపల నిలిచి తల యెత్తి చూడుడు. కప్పునందు వాసములు చెక్కియున్నవి. ఱాతికప్పునకు వాసములతో పని యేమి? ఏ పనియు లేదు. కొయ్యతో కట్టుటకు అలవడిన చేతులు ఱాతిని పట్టినప్పుడు తమకు తెలిసిన యింటినే చెక్కినవి. మన చుట్టిండ్లలో పండుకొని కప్పువంక చూచినవారికి ఆ రూపు క్రొత్తది కాదు. బీహారమున బరాబరు కొండల గుహలలోను ఇట్టి పోలిక గలదు. క్రీస్తునకు పూర్వమే యిది వెలసినదని పండితుల యభిప్రాయము.

ఇచ్చట దొరికిన బ్రాహ్మీశాసనములలో నొకటి మెట్ల దానమును దెలుపును. మహానాగపర్వతమున వసించు నొక థేరుని శిష్యవర్గమువారు ఆ దానము చేసిరి. రాజ్య మిచ్చినవారు కారు, మాన్యము లిచ్చినవారు కారు. ఎక్కువారి కాళ్లకు మెట్లు ఇచ్చిరి.

పండ్రెండవయేట నేను తోడి బాలురతో ఆ కొండ యెక్కి, ఒక గుహగోడపై చాకుమొనతో నా పేరు చెక్కితిని. గొప్పపని చేసితి ననుకొంటిని. గడచిన మాఘమున మనుమని వెంట బెట్టుకొని పోయి, ఆ దానముకథ చెప్పుచుండగా, వాడు గోడమీది యక్షరములు కూడబలుకుకొని చదివినాడు. “తాతయ్యా, ఇది నీ పేరే! నువ్వేమి ఇచ్చావు?” అని యడిగినాడు. నాకు నోట మాట రాలేదు. తుడిచివేయుదునని గులకరాయి చేతబట్టగా కావలివాడు వారించి, “గీకితే రాయి ఇంకా పోతుందండి” అన్నాడు.

మఱునాడు తాడేపల్లిగూడెము మీదుగా విజ్జేశ్వరము పోయితిమి. 1833లో గుంటూరు సీమను భయంకరమైన కరవు పీడించెను. గోదావరి సీమలోను నది నిండుగ పాఱుచునే యుండెను గాని, నీరు పొలమునకు ఎక్కకుండెను. నీటిమట్టమును కొంత లేవనెత్తినచో అది తనంత తానే కాలువలలోనికి పోవునని ఆర్థరు కాటను గ్రహించెను. నదిలోని లంకలను ఆసరాగా గొని ఆనకట్టను నాలుగు భాగములుగా కట్టించెను. 1847లో పని యారంభమై 1852లో ముగిసెను. ఇసుకలో పునాది నిలుపు విద్యను కావేరిమీద చోళులు కట్టిన కల్లణనుండి నేర్చితిమని కాటను స్వయముగా ఒప్పుకొనినాడు. ఆ పాత యానకట్టకు మాఱుగా కట్టిన బారేజి 1982లో పూర్తియైనది. విజ్జేశ్వరము కడ విడిచిన నీరు కాలువలవెంట ఏలూరుదాక వచ్చును. పొలములు తడిపి మిగిలిన నీటిలో కొంత మురుగుకాలువలలో కొల్లేరు చేరి, ఉప్పుటేటి మీదుగా సముద్రమున కలియును.

మా మెట్టపొలములకు ఆ నీ రెక్కదు. అయినను డెల్టా బియ్యము మా కుండలలో ఉడుకుచునే యున్నది. కాటను పేరు బారేజికి నిలిచినది. ఆ ఱాళ్లు మోసిన కూలీల పేర్లు ఏ గోడమీదను లేవు. గట్టున నిలిచి ఈ మాట మనుమనికి చెప్పితిని. వాడు అడిగినదానికి నా యుత్తరము అదియే. ఇచ్చిన వారిలో పేరు వ్రాసికొన్నవారు కొందఱు, వ్రాసికొననివారు పెక్కండ్రు. ఏమియు నీయక పేరు మాత్రము వ్రాసినవాడను నేను.

పెద్దలారా! ఈ చలికాలమున మీ పిల్లలను కొండకు తీసికొనిపొండు. వారి జేబులలో చాకును బొగ్గును లేకుండ చూడుడు. ఱాతిని పాడుచేయుట 1958 నాటి చట్టముచే శిక్షార్హము. అయినను చట్టముకన్న తాతమాట పిల్లల చెవికి ముందుగా నెక్కును. గుహగోడపై నా పేరు కంటబడినచో దాచకుడు. వ్రేలు పెట్టి చూపి, ఇది చేయదగని పని యని చెప్పుడు.

సెలవు.